తక్కువ మాట్లాడే మనిషికి మాట వెతుకుతూ: బ్రౌన్, గ్విన్ నిఘంటువుల మీద నా అభిప్రాయం

మా తమ్ముడి పెళ్ళి బయోడేటా దగ్గర మొదలైంది ఈ వెతుకులాట. చదువు, ఉద్యోగం, ఎత్తు, గోత్రం అన్నీ పది నిమిషాల్లో రాసేశాం. ‘స్వభావం’ అన్న చోట ఆగిపోయాం. వాడు తక్కువ మాట్లాడతాడు. అది దాచాల్సిన విషయం కాదు, కానీ ఎలా రాయాలి? మా బాబాయి కొడుకు ‘రిజర్వ్‌డ్’ అని రాసి పంపించేశాడు. నాలుగు రోజులకి గుంటూరు వైపు సంబంధం వాళ్ళ పెద్దమ్మ గారు ఫోన్ చేసి, “రిజర్వ్‌డ్ అని రాశారు కదమ్మా, అంటే ముభావంగా ఉంటాడా అబ్బాయి? ఇంట్లో ఎవరితోనైనా పడదా?” అని అడిగారు. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేం లేదు. పిల్లనిచ్చే వాళ్ళు అడగాలి. నాకు మాత్రం చాలా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే వాడు ముభావి కాదని నాకు తెలుసు, మరి ఏమిటో ఒక్క మాటలో చెప్పలేకపోయాను.

ఆ రాత్రి ఫోన్‌లో ఉన్న అనువాదం యాప్‌లో ‘రిజర్వ్‌డ్’ కొడితే ‘ప్రత్యేకించబడిన’ అని వచ్చింది. రైలు బెర్తుకి సరిపోతుంది, మా తమ్ముడికి కాదు. ‘సీక్రెటివ్’ కొడితే ‘రహస్యమైన’ అంది. మనిషిని రహస్యమైన మనిషి అంటామా? అందుకే అసలు నిఘంటువుల్లోకి వెళ్ళాను. రెండు నెలలుగా వాడుతున్నాను కాబట్టి, ఇలాంటి మాటల కోసం వెతికే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బ్రౌన్. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. ఇప్పుడు మనకు ఎక్కువగా దొరికేది 1903లో సవరించి వేసిన రెండో కూర్పు, ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి కూడా ఉంది. నా దగ్గరున్నది ఢిల్లీలో మళ్ళీ అచ్చువేసిన ప్రతి, వెయ్యి పేజీలకు పైనే, రెండు చేతులతో ఎత్తాలి. మా ఊరు ప్రొద్దుటూరు, కడప జిల్లా. ఆయన కడపలో ఉద్యోగం చేస్తూ తన బంగళాలో పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులు రాయించాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం, ఆ చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. అందుకని ఈ పుస్తకం మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమ ఉంది, అది ముందే చెప్పేస్తున్నాను.

ప్రేమ సంగతి అలా ఉంచి, బ్రౌన్‌లో నాకు పనికొచ్చింది ఏమిటంటే ఆయన కావ్యాల్లోని మాటలతో ఆగలేదు. జనం నోట్లో ఉన్న మాటలు కూడా తీసుకున్నాడు, చాలా చోట్ల వాక్యం పెట్టి చూపించాడు. మాట్లాడని మనుషుల గురించి మనం వాడే మాటలన్నీ ఇంచుమించు నోటి మాటలే కదా, కావ్యాల్లో ఎక్కడ దొరుకుతాయి? సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎంత గొప్పదైనా ఈ పనికి నాకు పెద్దగా కలిసిరాలేదు. అది గ్రాంథికం కోసం పుట్టిన నిఘంటువు, దాని వెనుక నిలబడిన జయంతి రామయ్య పంతులు గారు వ్యావహారికాన్ని ఒప్పుకోని వారు. ప్రబంధంలో ఒక పదం ఏ అర్థంలో వచ్చిందో తెలియాలంటే దానికి సాటి లేదు. మా అమ్మ వంటింట్లో అనే మాట కోసం అక్కడికి వెళ్ళడం మాత్రం నా పొరపాటు.

రెండోది గ్విన్. 1991లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. జె.పి.ఎల్. గ్విన్ ఐసీఎస్ అధికారిగా ఇక్కడ పనిచేసిన మనిషి, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారితో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా రాశాడు. ఈ నిఘంటువుకి జె. వెంకటేశ్వర శాస్త్రి గారు తోడు. బ్రౌన్‌కీ దీనికీ తేడా పుస్తకం తెరవగానే తెలుస్తుంది. బ్రౌన్‌లో పదాలు ‘ము’తో ముగుస్తాయి, ముభావము, మౌనము అని. గ్విన్‌లో మనం పలికినట్టే ముభావం, మౌనం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ స్కూల్లో తెలుగు చదవని పిల్లలకి ఇదే పెద్ద అడ్డం. అమెరికాలో ఉండే మా అక్క కూతురికి బ్రౌన్ ఇస్తే పది నిమిషాల్లో మూసేసింది, గ్విన్ ఇస్తే అరగంట కూర్చుంది.

రెండూ చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉచితంగా ఉన్నాయి. అక్కడ ఒక సదుపాయం ఉంది, అది చాలామందికి తెలియదు: తెలుగు పదాన్నే కాదు, అర్థాల్లో ఉన్న ఇంగ్లీషు మాటను కూడా వెతకొచ్చు. టాసిటర్న్ అనో, రెటిసెంట్ అనో, సైలెంట్ అనో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి మొత్తం పాఠంలో వెతకమంటే, ఆ మాటతో అర్థం రాసిన తెలుగు పదాలన్నీ వరుసగా వస్తాయి. సంబంధం లేనివి కూడా కొన్ని వచ్చి పడతాయి, ఓపిగ్గా తీసేసుకోవాలి. కానీ తెలుగు మాట గుర్తు రానప్పుడు, నాలాగా ‘నాలుక చివర ఉంది, బయటికి రావట్లేదు’ అన్నప్పుడు, ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. ఆంధ్రభారతి సైటు కూడా బాగుంది. అక్కడ ఒక్క పదం కొడితే చాలా నిఘంటువులు ఏమన్నాయో ఒకే చోట కనిపిస్తుంది, 1885 నాటి శబ్దరత్నాకరం లాంటివి కూడా. పుస్తకాలన్నీ కొనలేని వాళ్ళకి అది పెద్ద సాయం.

ఇక అసలు పరీక్ష. ఒక కాగితం మీద మాట్లాడని మనుషుల మీద మనం వేసే మాటలన్నీ రాసుకుని, ఒక్కోటీ వెతికి చూశాను.

ముభావంతోనే మొదలుపెట్టాను, గొడవ దాని దగ్గరే వచ్చింది కాబట్టి. నిఘంటువు చూస్తే మౌనంగా, ముడుచుకుని ఉండడం అన్న వైపు తీసుకెళ్తుంది, అది నిజమే. కానీ మనం ఆ మాట ఎప్పుడు వాడతాం? “ఏంటి, పొద్దున్నుంచి ముభావంగా ఉన్నావ్?” అంటాం. అంటే నిన్న అలా లేడు, ఇవాళ ఏదో జరిగింది. ముభావం చాలాసార్లు మనిషికి కాదు, ఆ రోజుకి వర్తిస్తుంది. వెనకాల ఏదో కోపమో బాధో ఉందని వినేవాళ్ళు అనుకుంటారు. గుంటూరు పెద్దమ్మ గారు “ఇంట్లో పడదా?” అని ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థమైంది. ఈ సంగతి ఏ నిఘంటువూ విడమరిచి చెప్పలేదు. చెప్పాలి.

గుంభన. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే అయింది. గుంభనగా ఉండేవాడు మాటలు రానివాడు కాదు, తెలిసీ చెప్పనివాడు. స్థలం ఎంతకి కొన్నాడో చెప్పడు, కొడుక్కి ఏ కాలేజీలో సీటొచ్చిందో చేరేదాకా చెప్పడు. అందులో కొంచెం అనుమానం ఉంటుంది, ‘గట్టివాడే’ అన్న మెప్పు కూడా కొంచెం ఉంటుంది. వెతుకుతూ పోతే తెలిసింది, సంస్కృతంలో గుంఫనం అంటే గుచ్చడం, పూలు దండగా కూర్చడం. సాహిత్య విమర్శలో ‘శబ్దగుంభనం’ అనేది అందుకే, మాటలను దండలా కూర్చడం. దండ కూర్చే మాట తెలుగులోకి వచ్చి మాటను లోపలే బిగించి ఉంచుకునే మనిషికి ఎలా అతుక్కుందో నేను చాలా సేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. నిఘంటువు తిరగేయడంలో ఉన్న ఆనందం ఇదే, ఒక మాట కోసం వెళ్ళి ఇంకో మాటను వెంటబెట్టుకుని వస్తాం.

గుట్టు దగ్గర నేను చాలా రోజులు ఆగాను. రహస్యం అన్నది ఒక అర్థం. కానీ ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అన్న సామెతలో గుట్టు అంటే ఉత్త రహస్యం కాదు, మర్యాద. ఇంటి సంగతి వీధిలో పెట్టకూడదు, జబ్బు మాత్రం నలుగురికీ చెప్పాలి, అప్పుడే మందు దొరుకుతుంది. ‘గుట్టుగా కాపురం చేసుకుంటోంది’ అంటే మన వైపు పెద్ద మెప్పు. అయితే ఆ మెప్పు దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళకే, అది గమనించారా? గుట్టుగా కాపురం చేసుకుంటున్నాడని మగవాడిని అనగా నేను పెద్దగా వినలేదు. మా మేనత్త ఇరవై ఏళ్ళు గుట్టుగా ఉంది, ఆ గుట్టు వెనక ఎంత ఏడ్చిందో ఆమె పోయాక గానీ మాకు తెలియలేదు. నిఘంటువులు గౌరవం, మర్మం అని రాసి ఊరుకుంటే ఈ మాట బరువు సగమే తెలుస్తుంది. ఆ గౌరవం ఎవరిని అడుగుతున్నామో కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నంగనాచి కూడా అంతే, ఆడపిల్ల మీద వేసే మాట. ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి లోపల అన్నీ నడిపించేదని అర్థం. మగవాడు అదే పని చేస్తే ‘చాప కింద నీరు’ అనో, ‘మెత్తటి పులి’ అనో అంటారు. పులి అనిపించుకోవడం ఎక్కడ, నంగనాచి అనిపించుకోవడం ఎక్కడ.

ముంగి, మూగమొద్దు అన్నవి తిట్లే, వాటి మీద ఎక్కువ రాయను. మితభాషి సన్మాన పత్రాల మాట, ‘మితభాషి, మృదుభాషి’ అని జంటగా వస్తుంది, రిటైరైన హెడ్మాస్టరు గారికి బాగుంటుంది, ముప్పై ఏళ్ళ కుర్రాడికి రాస్తే శాలువా కప్పినట్టుంది. అంతర్ముఖుడు అన్నది ఇప్పుడు ఇంట్రోవర్ట్‌కి బదులుగా రాస్తున్నారు. ఆ ఇంగ్లీషు మాట ఈ అర్థంలో ప్రచారంలోకి వచ్చిందే మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం తర్వాత, కాబట్టి బ్రౌన్‌లో ఆ అర్థం కోసం చూడడం అన్యాయం. మన దగ్గర అంతర్ముఖం అంటే ధ్యానంలో చూపు లోపలికి తిప్పుకోవడం. పెళ్ళి బయోడేటాలో రాస్తే సన్యాసం వైపు చూస్తున్నాడని భయపడినా భయపడతారు.

ముక్తసరి మాట మనిషిది కాదు, మాట తీరుది. ‘ముక్తసరిగా జవాబిచ్చాడు’ అంటాం గానీ ముక్తసరి మనిషి అనం. ఉర్దూలో ముఖ్తసర్ అంటే క్లుప్తం, అక్కడి నుంచి మనకి వచ్చింది. ఇలా బయటి నుంచి వచ్చి తెలుగైపోయిన మాటలకు బ్రౌన్ 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు, మిశ్రభాషా నిఘంటువు అని. కోర్టుల్లో, కచేరీల్లో తిరిగే మాటలను ఈసడించకుండా కూర్చుని పోగేసినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. మాట్లాడని మనుషుల గురించి మన భాషలో ఉన్న సంపద ఒంటి పదాల్లో కంటే పదబంధాల్లో ఎక్కువ ఉంది. నోట్లో నాలుక లేనివాడు, బెల్లం కొట్టిన రాయిలా ఉంటాడు, ఉలకడు పలకడు, కిమ్మనడు, నోరు మెదపడు, పెదవి విప్పడు. వీటిని నిఘంటువులో ఏ అక్షరం కింద చూడాలి? ‘నోట్లో నాలుక లేని’ అన్నది నోరు దగ్గరా, నాలుక దగ్గరా? బెల్లం దగ్గరా, రాయి దగ్గరా? ముందే తెలిసిన వాళ్ళకే దొరుకుతాయి. సైటులో మొత్తం పాఠాన్ని వెతకడం వల్ల కొంత తేలికైంది గానీ, పుస్తకంలో అయితే చేతులు నొప్పి పుట్టేదాకా తిప్పాలి. పైగా వీటి మధ్య తేడాలు చాలా సన్నవి. నోట్లో నాలుక లేనివాడి మీద మనకి జాలి, వాడిని అందరూ తొక్కేస్తారు. బెల్లం కొట్టిన రాయి మీద మనకి విసుగు, మనం అడుగుతున్నాం, వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. కిమ్మనని వాడు ఎవరికో భయపడుతున్నాడు, ‘కిమ్’ అంటే సంస్కృతంలో ‘ఏమిటి’, ఆ పాటి ప్రశ్న కూడా అడగలేడన్నమాట. నోరు ఒకటే మూసుకుంది, కారణాలు మూడు.

ప్రాంతాల సంగతి ఇంకొకటి. మా వైపు ‘గమ్మునుండు’ అంటే నోరు మూసుకో అనే కాదు, కదలకుండా కుదురుగా ఉండు అని కూడా. అమ్మ తమ్ముడి గురించి ఎప్పుడూ అనే మాట అదే, “వాడు గమ్మునుంటాడు గానీ మనసులో ఏం పెట్టుకోడు” అని. మా వదిన వరంగల్ పిల్ల, ఆమె “సప్పుడు చెయ్యడు” అంటుంది, ఆమె నోట్లో ఆ మాట ఎంత ముద్దుగా ఉంటుందో. మూడు వైపుల మాటలు పక్కపక్కన పెట్టి చూపించే పుస్తకం ఒకటి మనకి కావాలి. వ్యవసాయం మాటలకి 1962లో భద్రిరాజు గారు మాండలిక వృత్తి పదకోశం చేశారు, తర్వాత చేనేతకి కూడా. నాగలిలో ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రాసుకున్నాం, మనిషి స్వభావాన్ని ఏ జిల్లాలో ఏమంటారో కూడా ఎవరైనా అంత శ్రద్ధగా కూర్చితే నేను మొదటి రోజే కొంటాను.

ఈ మాటలన్నీ నాకు ఇంత ముఖ్యం ఎందుకయ్యాయో చెప్పాలి. రెండేళ్ళ కింద తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం పోయింది. మూడు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెలనెలా అమ్మకి డబ్బు పంపుతూనే ఉన్నాడు, దాచుకున్న దాంట్లోంచి. కొత్త ఉద్యోగం వచ్చాక చెప్పాడు, అదీ మామూలుగా అన్నం తింటూ. నాన్న చాలా బాధపడ్డారు. “ఇంత గుంభన ఏంట్రా, మేం పరాయివాళ్ళమా?” అన్నారు. అమ్మ మాత్రం, “గుట్టుగా నెట్టుకొచ్చినాడు నా బిడ్డ, మనల్ని కంగారు పెట్టకుండా” అంది. నాకైతే అది రెండూ కాదనిపించింది, మొహమాటం అనిపించింది. నాన్న ఎదుట ఓడిపోయినట్టు నిలబడలేని మొహమాటం. ఒకడే మనిషి, ఒకటే మౌనం, ఒకే ఇంట్లో ముగ్గురం మూడు మాటలన్నాం. నాన్న మాటలో నింద ఉంది, అమ్మ మాటలో గర్వం ఉంది. వాడిని అడిగితే ఏ మాట ఎంచుకునేవాడో, మేం అడగలేదు.

నిఘంటువు ఈ మూడింటినీ మూడు పేజీల్లో విడివిడిగా పెడుతుంది. గుంభన, గుట్టు దగ్గర దగ్గరగా, మొహమాటం ఎక్కడో దూరంగా. నాకు కావాల్సింది ఆ మూడూ ఒకే చోట, ఏది ఎవరు ఎవరిని అంటారో అన్న వివరంతో. బ్రౌన్ ఇచ్చే వాక్యాల వల్ల కొంత తెలుస్తుంది, అందుకే నా ఓటు ఇప్పటికీ ఆయనకే. గ్విన్ అర్థం ఖచ్చితంగా, ఇవాళ్టి ఇంగ్లీషులో ఇస్తాడు, బ్రౌన్ ఇంగ్లీషు చాలా చోట్ల పాతబడిపోయింది, ఇప్పటి పిల్లలకి దానికే ఇంకో నిఘంటువు కావాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప పని జరగదు. ఒక్కటే కొనాలంటే, తెలుగు ఇంట్లో మాట్లాడుతూ పెరిగిన వాళ్ళు బ్రౌన్ కొనండి, బయట పెరిగిన పిల్లలకి గ్విన్ చూపించండి. కొనడానికి ముందు సైటులో రెండింటినీ వాడి చూడండి, ఖర్చేమీ లేదు. నా దగ్గరున్న బ్రౌన్ ప్రతిలో అచ్చు కొన్ని పేజీల్లో మసకగా ఉంది, ఒత్తులు కనపడవు. పాత పుస్తకాన్ని ఫొటో తీసి వేసినట్టుంది. కొనేటప్పుడు లోపల నాలుగు పేజీలు తిప్పి చూసుకోండి.

బయోడేటా సంగతి చెప్పలేదు కదా. చివరికి ఒక్క మాట రాయలేదు, ఒక వాక్యం రాశాను: ‘తక్కువ మాట్లాడతాడు, అడిగితే ఏదీ దాచడు.’ రాశాక తమ్ముడికి చూపించాను. రెండో సగం నిజమేనా అని నాకు అనుమానంగానే ఉంది, ఆ మూడు నెలల వల్ల. వాడు చదివి, “మీరు అడగలేదు కదక్కా” అన్నాడు. అదీ నిజమే. పోయిన ఆదివారం గుంటూరు పెద్దమ్మ గారు వాళ్ళు ఇంటికొచ్చారు. గంటసేపు వాడిని చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టి, “నెమ్మదస్తుడమ్మా మీ అబ్బాయి, ముభావి కాదు” అన్నారు. రెండు నెలలు తిరగేసిన కాగితంలో నేను రాసుకోని మాట అదొక్కటే. ఆ రాత్రి బ్రౌన్ తీసి ‘నె’ పేజీ పక్కన పెన్సిల్‌తో రాసి పెట్టాను.